బొట్టు పెట్టిన మైకు

మా అత్తమ్మ శారదమ్మకు పెట్టిన విస్తరిని పిట్ట ముట్టలేదు.

మా వైపు వాళ్ళకు ఈ ఒక్క మాట చాలు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మనిషి పోయిన మూడోరోజు, ఆ మనిషికి ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి కాకి కోసం ఎదురుచూస్తాం. కాకి ముట్టిందా, పోయినవాళ్ళు తృప్తిగా పోయినట్టు. ముట్టలేదా, ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అప్పుడు అయినవాళ్ళు ఒక్కొక్కరే ముందుకొచ్చి, ఆ కోరిక ఏమై ఉంటుందో ఊహించి మాట ఇవ్వాలి.

మావాళ్ళు ఇవ్వని మాట లేదు. నా ఆడబిడ్డ పద్మశ్రీ "అమ్మా, నీ వెండి కడియాలు నేనడుగనే, గౌతమికే ఉండనీ" అంది. గౌతమి అంటే నేనే. ఆ కడియాల మీద పద్మశ్రీకి ఎంత ప్రాణమో తెలుసు కాబట్టి, ఆ మాటకైనా కాకి దిగుతుందనుకున్నాను. దిగలేదు. నా మొగుడు దయాకర్, ఎప్పుడో పండుగకు తాగే కల్లు కూడా ఇక ముట్టనని దండం పెట్టాడు. కాకి గోడ మీద కూర్చుని మెడ ఇటు తిప్పింది, అటు తిప్పింది, ఎగిరిపోయింది. ఎండ నడినెత్తికొచ్చాక మా పెద్దమామ మొగిలయ్య "ఇగ ఆవుకు పెట్టున్రి" అని లేచాడు.

ఆ రోజు నుంచి దయాకర్ మనిషి మనిషిలా లేడు. అతనికి పోచారంలో ఐటీ ఉద్యోగం. పొద్దున్నే కంపెనీ క్యాబు వచ్చేలోపు డాబా ఎక్కి పిట్టగోడ మీద అన్నం ముద్ద పెట్టి వెళ్ళేవాడు. మా నాచారం కాకులు బాత్రూం కిటికీలోంచి సబ్బుబిళ్ళలు ఎత్తుకుపోయే రకం. అలాంటివి ఆ ముద్ద జోలికి వచ్చేవి కావు.

"అమ్మకు ఏం తక్కువ జేసిన గౌతమీ?" అని అన్నం ముందు కూర్చుని అడిగేవాడు. చెయ్యి అన్నంలోనే ఆగిపోయేది.

"కాకికి కడుపు నిండి ఉంటే ఎవరేం జేస్తరు? తిను ముందు" అని కసిరేదాన్ని. నాకు అలాంటివాటి మీద నమ్మకం లేదని పదిమందికీ చెప్పుకునే మనిషిని. కానీ అతని క్యాబు వీధి మలుపు తిరగ్గానే డాబా ఎక్కి చూసేదాన్ని. ముద్ద ఎండిపోయి గట్టిపడి ఉండేది. నాకు భయమేసేది.

నిజానికి ఆమెకు తక్కువ చేసిందేమీ లేదు. ఒక్క సంగతి దాచాం, అంతే. దవాఖానాలో డాక్టరు కడుపులో గడ్డ ఉంది, ముదిరింది అన్నాడు. దయాకర్ బయటికొచ్చి తల్లితో "గ్యాసమ్మా, మందులేసుకుంటే తగ్గుతది" అన్నాడు. ముసలివాళ్ళకు అట్లాగే చెబుతారు. ఎవరింట్లోనైనా అంతే కదా అనుకున్నాం.

ఇక మైకు సంగతి.

నా పని పుస్తకాలు చదవడం. ఫోన్లో కథలు వినిపించే ఒక కంపెనీ కోసం ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని చదివి, రికార్డు చేసి పంపుతాను. నాచారంలో చప్పుడు లేని చోటు వెతకడమంటే ఎడారిలో చేప కోసం వల వెయ్యడమే. ఒకవైపు ఫ్యాక్టరీ షెడ్లు, ఇంకోవైపు గూడ్సు బండ్లు. మా ఇంట్లో లోపలి గది ఒక్కటే కాస్త నయం. ఆ గదిలో అత్తమ్మ మంచం. ఆమె పాత చీరలతో కుట్టిన బొంతను దండేనికి వేలాడదీశాం. బొంతకు ఇవతల నా టేబులు, అవతల ఆమె మంచం. బొంత చప్పుడును మింగేస్తుందని దయాకర్ ఎక్కడో చదివాడు.

దసరా ముందే కొత్త మైకు కొన్నాం. దసరానాడు అత్తమ్మ బండికీ, మిక్సీకీ, కత్తిపీటకూ బొట్టు పెట్టి, చివరికి మైకు దగ్గరికొచ్చింది. దాని ఒంటికి ఒకవైపు కంపెనీ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది. రెండోవైపు నున్నగా ఉంటుంది.

"రాత మీద బొట్టు పెట్టొద్దు బిడ్డా, సదువుల తల్లి" అని, నున్నటి వైపు పసుపు రాసి కుంకుమ పెట్టింది.

మా ఇళ్ళల్లో బొట్టున్న వైపే ముఖం. బండికైనా, గడపకైనా, గ్యాసు పొయ్యికైనా అంతే. నేనూ బొట్టు నావైపు ఉండేటట్టు మైకును నిలబెట్టాను. ఆ రోజు నుంచి ఆ బొట్టును చూస్తూనే చదివాను.

"నేను సదివేటప్పుడు జర సప్పుడు జేయకు అత్తమ్మా" అన్నాను మొదటి రోజే.

"నేనేం సప్పుడు జేస్త బిడ్డా, నా లెక్క నేను పండుకుంట" అంది బొంత అవతలి నుంచి.

అత్తమ్మ జన్మలో నోరు తెరిచి ఏదీ అడిగిన మనిషి కాదు. చాయ్ తాగాలనిపిస్తే "నువ్వు పెట్టుకుంటున్నవా?" అనేది. నేను పెట్టుకోవడం లేదంటే "ఊకెనే అడిగిన" అని అటు తిరిగేది. నాకు ఒళ్ళు మండేది. అడిగితే నోటి ముత్యాలు రాలతాయా అని విసుక్కుంటూనే గిన్నె పొయ్యి మీద పెట్టేదాన్ని.

చలికాలమంతా ఒక నవల చదివాను. అందులో రాజవ్వ అని ఒక ముసలామె. అంగడి నుంచి మేకపిల్లను పట్టుకుని ఇంటికొస్తూ వాగు దాటాలి. ఎగువన వాన పడిందని ఆమెకు తెలియదు. నీళ్ళు ఆమె నడుం దాకా వచ్చినచోట మా వంటింట్లో కుక్కరు కూత పెట్టింది. లేచి వెళ్ళాను. ఆ మధ్యాహ్నమే అత్తమ్మకు నొప్పి లేచింది. దవాఖానాకు తీసుకుపోయాం. మళ్ళీ ఆ మంచం మీదికి రాలేదు.

దినాలన్నీ అయ్యాక బొంత ముందు కూర్చుని మళ్ళీ చదవబోయాను. చదువు సాగలేదు. వాక్యం చివరికి రాగానే నా గొంతు దానంతటదే ఆగిపోయేది. చీకట్లో మెట్లు దిగుతూ, ఇంకో మెట్టు ఉందనుకుని కాలు వేస్తే లేకపోతే ఎట్లా ఉంటుందో అట్లా ఉండేది. ఏదో రావాలి. రావడం లేదు. ఏం రావాలో నాకు తెలియదు. ఫ్యాను గాలికి బొంత కదిలేది, నేను తలెత్తి చూసేదాన్ని, మళ్ళీ మొదటి నుంచి చదివేదాన్ని. అలా రోజుల తరబడి ఒక్క పేజీ కూడా పూర్తి చేయలేకపోయాను.

అట్లా కూర్చున్నప్పుడే కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. రికార్డింగులు విని సరిచూసే హృషికేశ్ అనే కుర్రాడు.

"మేడమ్, మీరు ఇంతకుముందు పంపినవన్నీ మళ్ళీ విన్నాం. మీ గొంతు బాగా దూరంగా ఉంది. దానికితోడు మీ గదిలో ఇంకెవరో ఉన్నారు."

"ఎవరూ లేరు" అన్నాను.

"ఉన్నారు మేడమ్. మీకంటే దగ్గరగా ఉన్నారు."

నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే బొంత వైపు చూశాను. అవతల ఖాళీ మంచం ఉందని నాకు తెలుసు. అయినా బొంత పక్కకు జరిపి చూడటానికి చెయ్యి రాలేదు. మంచి మైకు కొని మొత్తం మళ్ళీ చదవాలనీ, లేకపోతే పుస్తకం ఇంకొకరికి ఇచ్చేస్తామనీ అతను చెబుతూనే ఉన్నాడు. అన్నింటికీ సరే అన్నాను.

మర్నాడు షేర్ ఆటో ఎక్కి ఉప్పల్ వెళ్ళాను. రింగు రోడ్డు దగ్గర, మెట్రో స్తంభాల పక్క సందులో సన్నీ అనే అతని షాపు. పెళ్ళి బరాత్‌లకు సౌండు బాక్సులు పెట్టే పనితో మొదలుపెట్టి ఇప్పుడు మైకులు అమ్ముతున్నాడు. నోటికి తాళం లేని మనిషి. అడగకముందే మొదలుపెట్టాడు.

"అక్కా, ఎన్ని పేర్లు చెప్పినా మైకులు రెండే రకాలు. ఒకటి గోడ మీద చీమ వాకినా ఇంటది. ఇంకోటి చెవిటిది. మూతి దగ్గర వెట్టుకొని మాట్లాడితెనే ఇంటది, ఎనక బరాత్ వోయినా దానికి ఫికరుండది. మీ రూముల ఏం సప్పుడొస్తున్నదో ఇనిపియ్యున్రి. ఏది మంచిగుంటదో నేను చెప్త."

పెన్‌డ్రైవ్‌లో నేను చివర చదివిన భాగం ఉంది. ఇచ్చాను. సన్నీ దాన్ని కంప్యూటర్‌కు పెట్టి, చెవులు రెండూ మూసేసే పెద్ద హెడ్‌ఫోన్లు నాకిచ్చి, ఇంకో జత తాను పెట్టుకున్నాడు. ఇంట్లో నేను ఎప్పుడూ ల్యాప్‌టాప్ స్పీకరులోనే విని పంపేదాన్ని. మొదటిసారి అంత దగ్గరగా విన్నాను.

నా గొంతు ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుంది. "రాజవ్వ చెప్పులు చేతిలో పట్టుకుని వాగులోకి దిగింది."

"ఊఁ" అంది ఎవరో, నా చెవిలో.

"నీళ్ళు చల్లగా ఉన్నాయి."

"ఊఁ."

"మేకపిల్ల అరిచింది."

"ఊఁ."

కథ చెబుతుంటే వినేవాళ్ళు ఊఁ కొట్టాలి. మా నాయనమ్మ అట్లా కొట్టకపోతే కథ చెప్పేది కాదు. ఊఁ ఆగిపోయిందంటే పిల్లలు నిద్రపోయారని గుర్తు. అత్తమ్మ ఒక్క వాక్యానికి కూడా నిద్రపోలేదు. నాకు అడ్డం రాకూడదని గొంతు నొక్కిపెట్టి, ఊపిరిలో ఊపిరిగా, ప్రతి వాక్యం చివరా ఊఁ కొట్టింది. ఆమె పోయాక నా గొంతు ఎదురుచూసింది దీనికోసమే. నేను ఎరగకుండానే నా చెవి ఆ శబ్దానికి అలవాటు పడింది.

కుక్కరు కూత వినబడింది. నా కుర్చీ జరిగింది. నా అడుగులు దూరమయ్యాయి. ఎప్పుడూ నేను అక్కడి నుంచి వినకుండా కోసేసి పంపేదాన్ని; ఆ రోజుది కొయ్యనేలేదు. సన్నీ ఆపలేదు. కాసేపు ఏమీ లేదు. తర్వాత మంచం కిర్రుమంది. తర్వాత అత్తమ్మ, నా పక్కనే పడుకున్నంత దగ్గరగా, మెల్లగా అడిగింది.

"మరి దాటుతదా బిడ్డా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు.

"దాటదా?"

నేను హెడ్‌ఫోన్లు లాగి కౌంటరు మీద పడేశాను. సన్నీ నా ముఖం చూసి కంగారు పడ్డాడు.

"ఏమైందక్కా? గా పెద్దమ్మ గొంతు మస్తు సాఫ్ వచ్చింది. మీదే ఎనకవడ్డది. మైకు గామె దిక్కు వెట్టిన్రు గదా?"

అతని కౌంటరు మీద అచ్చం నా మైకులాంటిదే నిలబడి ఉంది. దాని మీద అక్షరాలు సన్నీ వైపు ఉన్నాయి. అతను మాట్లాడే వైపు. నున్నటి వీపు నావైపు ఉంది. ఎవరూ చెప్పనక్కర్లేకుండా నాకు అర్థమైపోయింది. దసరా నుంచి నేను మైకు వీపుతో మాట్లాడుతున్నాను. దాని ముఖం బొంత అవతలికి ఉంది. అత్తమ్మ దాని వీపుకు బొట్టు పెట్టి, తెలియకుండానే మైకును తనవైపు తిప్పుకుంది. ఆమె జన్మకంతా అడిగిన ఒకే ఒక్క ప్రశ్నను అది దాచిపెట్టింది.

ఇప్పుడు ప్రేమతో కళ్ళు చెమర్చాయని చెబితే వినడానికి బాగుంటుంది. నాకు కలిగింది భయం. పచ్చి భయం.

"నాకు ఆ చెవిటిదే ఇయ్యి" అన్నాను. "దూరం నుంచి ఎవరేమన్నా వినబడొద్దు."

డబ్బా ఒళ్ళో పెట్టుకుని షేర్ ఆటోలో కూర్చున్నాను. పక్కన ఒకామె ఫోన్లో ఎవరితోనో "ఊఁ, ఊఁ" అంటూ వచ్చింది. హబ్సిగూడ దాటేదాకా నేను కళ్ళు మూసుకునే ఉన్నాను.

దయాకర్‌కు చెప్పకూడదనే అనుకున్నాను. ఇప్పటికే సగమైన మనిషి. కానీ సాయంత్రం పోచారం నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా డాబా ఎక్కి, ఎండిన ముద్దను చేతిలో పట్టుకుని దిగాడు. ఆ ముఖం చూసి ఉండబట్టలేకపోయాను. కూర్చోబెట్టి వినిపించాను.

అతను చివరిదాకా విన్నాడు. ఏడుస్తాడనుకున్నాను, ఏడవలేదు.

"దాటుతదా గామె?" అన్నాడు.

"లేదు. మేకపిల్లను ఒడ్డుకు నెట్టేసి తను కొట్టుకుపోతది. పుస్తకంల అంతే ఉన్నది."

లేచి బొంత మీది కుట్లను వేలితో తడిమాడు. "అమ్మ వాగు సంగతి అడగలే గౌతమీ" అన్నాడు. "తన సంగతే అడిగింది. నేను గ్యాసే అన్న. ఆఖరి దినం గూడ గదే అన్న. నా మొఖం దిక్కు సూసి, ఊఁ అన్నది."

అబద్ధానికి కూడా ఆమె ఊఁ కొట్టింది.

"దాటిందని చెప్దాం" అన్నాడు. "రేపు నెల మాసికం గదా. విస్తరి పెట్టి, దాటిందని చెప్దాం. గంతే గావాలె ఆమెకు."

నేను అక్షరం మార్చి చదివే మనిషిని కాను. ఆ మాటే అనబోయి, అతని కళ్ళు చూసి మింగేశాను.

మర్నాడు పొద్దున డాబా మీద విస్తరి పెట్టాం. మటన్ కూర, ఉడికించిన గుడ్డు, సర్వపిండి, సాసర్లో చాయ్. పద్మశ్రీ మెడ చుట్టూ కొంగు కప్పుకుని నిలబడింది. కాకి వచ్చి నీళ్ళ ట్యాంకు మీద వాలింది. అందరూ కొంచెం వెనక్కి జరిగారు. దయాకర్ నావైపు తిరిగి తలూపాడు.

"అత్తమ్మా" అన్నాను. ఖాళీ గాలిలోకి అట్లా పిలవడం నాకే వింతగా ఉంది. "రాజవ్వ దాటింది. ఒడ్డెక్కింది. మేకపిల్లను ఎత్తుకొని మంచిగ ఇంటికి పోయింది."

కాకి మెడ వంచి నన్ను చూసింది. తర్వాత ట్యాంకు మీద వెనక్కి తిరిగి, తోక మావైపు పెట్టి కూర్చుంది.

పద్మశ్రీ నిట్టూర్చింది. "ఎవలీ రాజవ్వ? ఏం జేస్తున్నరే మీరిద్దరు? ఇగ ఆవుకు పెట్టున్రి తమ్మీ."

దయాకర్ రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు. "సదువు గౌతమీ" అన్నాడు. "ఉన్నది ఉన్నట్టు సదువు."

ఫోన్లో పుస్తకం తెరిచాను. నడుం దాకా నీళ్ళలో ఆమెను వదిలేసిన చోటు వెతికి, అక్కడి నుంచి మొదలుపెట్టాను.

"నీళ్ళు రాజవ్వ రొమ్ముల దాకా వచ్చాయి." నా గొంతు ఆగింది. ఆ ఖాళీలో దయాకర్ "ఊఁ" అన్నాడు.

"మేకపిల్ల మెడలోని తాడు తీసి దాన్ని వదిలింది."

"ఊఁ."

"ఒడ్డు రెండు చేతుల దూరంలో ఉంది. ఉన్న బలమంతా కూడగట్టి దాన్ని ముందుకు నెట్టింది. మేకపిల్ల కాళ్ళకు ఇసుక తగిలింది."

"ఊఁ."

"రాజవ్వ దాటలేదు."

ఈసారి ఊఁ రాలేదు. తలెత్తి చూశాను. దయాకర్ విస్తరి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"గ్యాస్ గాదమ్మా" అన్నాడు. "గడ్డ. డాక్టరు మొదటి దినమే చెప్పిండు. నువ్వు దాటవని నాకెర్కనే ఉండె. చెప్ప చేతగాలే."

పద్మశ్రీ కొంగు నోట్లో కుక్కుకుంది. కాకి ట్యాంకు మీది నుంచి గోడ మీదికి దిగింది. గోడ మీది నుంచి నేల మీదికి దిగింది. దయాకర్ మోకాలికి జానెడు దూరంలో నడిచి వచ్చి, ముందు గుడ్డును పొడిచింది. తర్వాత మటన్ ముక్క ఎత్తుకుంది. దయాకర్ అప్పుడు ఏడ్చాడు. చిన్నపిల్లాడిలా, ముక్కు కారుతూ, కాకి ముందే ఏడ్చాడు. అది బెదరలేదు, తింటూనే ఉంది.

దానికి ఆకలేసి దిగిందని నేను ఇప్పటికీ అంటాను. గట్టిగా అనను, అంతే.

కొత్త మైకుతో నవల మొత్తం మళ్ళీ మొదటి నుంచి చదివాను. "ఇప్పుడు మీ గదిలో ఎవరూ లేరు మేడమ్, చాలా బాగుంది" అన్నాడు హృషికేశ్. పాత మైకు గూట్లో ఉంది. దాని బొట్టు తుడవలేదు. భయపడి కొన్న ఈ చెవిటిదాన్ని మాత్రం మార్చనని దయాకర్‌తో చెప్పేశాను. ఎందుకంటే ఆదివారాలు అతను బొంత అవతల అమ్మ మంచం మీద పడుకుని, నేను చదువుతుంటే ఊఁ కొడతాడు. మైకుకు అది వినబడదు. నాకు వినబడుతుంది. చదువు సాఫీగా సాగుతుంది.

దయాకర్ పోచారం వెళ్ళిన రోజుల్లో కూడా సాఫీగానే సాగుతోంది. ప్రతి వాక్యం చివరా ఆగుతాను, ఆగవలసినంతసేపు ఆగి ముందుకు వెళ్తాను, ఎక్కడా తడబడను. బొంత ఎత్తి మాత్రం చూడను.